తలరుమాలు అంచు

తొంభైల చివర్లో నల్లగొండలో, పెళ్లి క్యాసెట్లకు టైటిళ్లూ బొమ్మలూ చేసే దుకాణంలో పనిచేశాను. మల్టీమీడియా నేర్చుకున్నానని కాస్త పొగరుండేది. పెళ్లి దృశ్యాల మీద గులాబీలు రాల్చడం, పావురాలు ఎగరేయడం నా పని. ఆ పావురాలంటే నాకు ఒళ్లుమంట.

ఒకరోజు హాలియా నుంచి ఒకామె వచ్చింది. కూతురి పెళ్లయి వారం. భర్త పోయి చాలా ఏళ్లు. పెళ్లి క్యాసెట్‌లో నాయిన తన పక్కన నిలబడాలని కూతురు పట్టుబట్టిందట. ఆయనది ఉన్నది ఒక్కటే ఫోటో. దాన్ని దుకాణంలో వదిలి వెళ్లనంది. స్కాన్ చేసి ఇచ్చాక ఒళ్లో పెట్టుకుని నా వెనక స్టూలు మీద కూర్చుంది.

ఫోటోలో ఆయన తెల్ల ధోవతి, తెల్ల అంగీ, తెల్ల తలరుమాలుతో సున్నం వేసిన గోడ ముందు నిలబడి ఉన్నాడు. గోడ పోవాలి, మనిషి మిగలాలి. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క నొక్కుతో బొమ్మలోని తెలుపంతా మాయం చేయవచ్చు. ధీమాగా నొక్కాను. గోడతో పాటు బట్టలూ పోయాయి. పెళ్లిపందిట్లో ఒక మొహం, రెండు చేతులు, రెండు పాదాలు మిగిలాయి.

"అయ్యో, ఆయన బట్టలేడవాయె బిడ్డా?" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇక మాస్క్ గీయాల్సిందే. అంటే ఫోటో కొలతలోనే ఇంకో బొమ్మ చేసి, అందులో మనిషి ఆకారాన్ని నల్లగా నింపాలి. నలుపున్నంత మేరే ఫోటో కనబడుతుంది. భుజాలు, ధోవతి అంచులు నీడల ఆధారంతో మౌస్‌తో ఎలాగో పట్టుకున్నాను. తలరుమాలు దగ్గర ఆగిపోయాను. అది గోడలో కలిసిపోయింది.

"పెద్దమ్మా, రుమాలు ఎంతవరకుంది?"

ఆమె లేచి వచ్చి స్క్రీన్ మీద వేలు పెట్టి గీసింది. "గీడిదాక. ఎడమ చెవి పక్కకు ఒక చుట్టు జారి యాలాడుతది. బయటికి పోయినప్పుడల్లా నేనే సదురుతుంటి. ఫోటో దిగిన్నాడు పక్కకు లేకుంటి."

ఆమె వేలి వెంటే నలుపు నింపాను. చెవి పక్కన వేలాడే చుట్టుతో సహా నిండు మనిషి వచ్చాడు. నాకు ఎంత సంబరమైందో చెప్పలేను.

ఆమె మాత్రం కాసేపు చూసి, "జర గా చుట్టు తీసెయ్యస్తదా?" అంది.

"ఉండనీ పెద్దమ్మా, అచ్చం ఆయనే కదా!"

"మంచిగనే ఉన్నది నీ ముచ్చట! బిడ్డ పెండ్లి. జడ్చర్ల వియ్యంకులు చూస్తరు. గట్ల నిలబడ్తడా?"

మాస్క్‌లో అక్కడి నలుపు కాస్త చెరిపాను. వేలాడే చుట్టు పోయింది. అయినా ఆమె వంగి, స్క్రీన్ మీద ఆయన చెవి పక్కన బొటనవేలితో ఒకసారి సర్దింది.

"ఇగ నడువు, ఆల్శమైతాంది" అంది. నాతో కాదు.

మీట నొక్కాను. ఆయన స్క్రీన్ ఎడమవైపు నుంచి మెల్లగా పందిట్లోకి వచ్చి, కూతురి పక్కన ఆగాడు.