నీ భాషలోనే తిట్టు

బస్తర్‌లోని కిరందుల్‌లో ఇనుప గనులు జోరుగా నడుస్తున్న రోజుల్లో షిఫ్టు బస్సు మా వీధి చివర ఆగేది. మా ఆయన ఏళ్ళ తరబడి ఆ బస్సెక్కే కొండ మీదికి పనికి వెళ్ళాడు. ఒక వానాకాలం అలా వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. వానకి నానిన మట్టి జారి మీద పడింది. నిజానికి ఆ రోజు ఆయన డ్యూటీ కాదు. తోటి పనివాడి భార్యకి నొప్పులు మొదలైతే, “నువ్వు ఆసుపత్రికెళ్ళు, నీ బదులు నేను చేస్తాన్లే” అని తనే బయల్దేరాడు. ఆ పూటే వాళ్ళకి ఆడపిల్ల పుట్టింది.

తర్వాత నాకు కొండ మీద క్యాంటీన్‌లో ఉద్యోగం ఇచ్చారు. దసరాలోగా చేరకపోతే ఉద్యోగమూ పోతుంది, క్వార్టరూ ఖాళీ చెయ్యాలి. నా కూతురింకా బడికెళ్ళే పిల్ల. దాన్ని తీసుకుని ఎక్కడికి పోను? రోజూ క్యారేజీ కట్టుకుని బస్సు దాకా వెళ్ళేదాన్ని. మెట్టు మీద కాలు పెట్టగానే ఒళ్ళంతా చెమటలు పట్టి ఊపిరాడేది కాదు. డ్రైవరు చూసి చూసి బస్సు పోనిచ్చేవాడు. నేను ఇంటికొచ్చి పాలవాడి మీదో, పక్కింటావిడ మీదో, పిల్ల మీదో విరుచుకుపడేదాన్ని.

కాలనీలో నన్ను ఓదార్చని వాళ్ళు లేరు. “దేవుడిలాంటి మనిషమ్మా, ఇంకొకరి కోసం ప్రాణం ఇచ్చాడు” అనేవారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది, పైకి మాత్రం తల ఊపేదాన్ని. “నీకంటే ఎక్కువ కష్టాలు పడ్డవాళ్ళు లేరా?” అనేవాళ్ళు కొందరు. ఉంటే ఉండనీ, నాకేం ఒరిగింది?

చివరికి ఆసుపత్రి నర్సు నన్ను పట్టుకుని, జగదల్‌పూర్ నుంచి వారానికోసారి వచ్చే కౌన్సిలరమ్మ దగ్గర కూర్చోబెట్టింది. “నాకేటి, పిచ్చెక్కిందనుకున్నావా?” అని అరిచాను గానీ వెళ్ళాను. దసరా తరుముకొస్తోంది మరి.

ఆవిడ నడివయసు మనిషి. హిందీ, అక్కడివాళ్ళ హల్బీ భాష వచ్చు, తెలుగు ముక్క రాదు. నాదేమో సంతలో వంకాయలు బేరమాడ్డానికి సరిపోయే హిందీ. నాకు చెప్పకుండా ఇంకొకరి బదులు వెళ్ళి ఆయన పోవడం, నేను బస్సెక్కలేకపోవడం ఆ హిందీలోనే ఏదోలా చెప్పాను. అంతా విని, “బస్సంటే భయంగా ఉందా?” అంది. కాదని కసురుకున్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. “అయితే నేను తప్పుగా అనుకున్నాను. ఏమిటో నువ్వే చెప్పు” అంది.

నా మనసులో ఏముందో నాకే చెప్పిపోయినవాళ్ళు బోలెడుమంది. తప్పుగా అనుకున్నానని ఒప్పుకున్నది ఆవిడొక్కతే.

తర్వాతి వారం నేను హిందీ మాటల కోసం తడుముకుంటుంటే ఆపింది. “నీ భాషలోనే చెప్పు. తిట్టాలనుంటే నీ భాషలోనే తిట్టు” అంది.

“మీకర్థం కాదు కదమ్మా.”

“నిన్ను చూస్తూ వింటాను. నాకేం తోచిందో తర్వాత చెప్తాను. తప్పయితే నువ్వే దిద్దు.”

ఇదేం చోద్యం అనుకుంటూనే మొదలుపెట్టాను. చూస్తుండగానే గొంతు లేచింది. “నిన్నెవరు వెళ్ళమన్నారయ్యా? ఊరందరికీ మంచోడివే! నా సంగతేటి, పిల్ల సంగతేటి? ఒక్క మాట నన్నడిగావా?” బల్ల మీద గుద్దాను కూడా. బయట కూర్చున్నవాళ్ళు తొంగిచూశారు. ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు, నా మీంచి చూపు తిప్పలేదు. నేను ఆగాక నెమ్మదిగా, “గుస్సా హై. ఉన్ పర్” అంది. కోపం, అదీ ఆయన మీద.

పోయినవాడి మీద కోపమా! నాకు నేను కూడా ఒప్పుకోని మాట అది. “అంత కావలసిన మనిషి నీకు చెప్పకుండా వెళ్ళిపోతే కోపం రాదూ?” అంది ఆవిడ. దహనం రోజున కూడా రాని ఏడుపు అప్పుడొచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాను.

కాస్త తేరుకున్నాక, ఒక్క ముక్క తెలియకుండా ఎలా పట్టుకున్నారమ్మా అని అడిగాను. “నీ చోట నేనుంటే ఎలా ఉండేదాన్నా అని ఆలోచిస్తే నాకు నేనే కనిపిస్తాను. నీ చోట నువ్వెలా ఉన్నావో కదా చూడాలి” అంది.

ఆ తర్వాత కూడా కొన్ని వారాలు వెళ్ళాను, తిట్టాను, ఏడ్చాను. దసరాకి ముందు ఒక పొద్దున బస్సు మెట్టు మీద కాలు పెట్టి, “నీ మీద కోపం పోలేదు, అయినా ఎక్కుతున్నాను” అని ఆయనకి చెప్పి ఎక్కేశాను. చెమటలు పట్టాయి. పట్టనీ అనుకుని కూర్చున్నాను.

బస్సులో బోలెడు ఖాళీ సీట్లున్నా ఒకతను వెనకాల కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. మా ఆయన ఎవరి బదులు వెళ్ళాడో అతనే. కోంటా వైపు మనిషి, ఆయన్ని అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు. ఆయన పోయిన రోజు నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. అతని భార్య పసిపిల్లనెత్తుకుని మా వీధిలోకి రావడమే మానేసింది.

పిలిచి పక్కన కూర్చోమన్నాను. కూర్చున్నాడు గానీ తలెత్తలేదు.

“నేనేమైనా అంటానని భయమా?” అన్నాను. కాదన్నట్టు తలూపాడు.

“అయితే నేను తప్పుగా అనుకున్నాను. ఏటో నువ్వే చెప్పు.”

“ఏంది వదినా చెప్పేది? బిడ్డ ఇప్పుడిప్పుడే నవ్వుతాంది. దాన్ని చూసి నేను నవ్వబోతే అన్న యాదికొస్తడు. నేను నవ్వొచ్చునా వదినా?”

దేవుడున్నాడనీ, అంతా రాతేననీ నేననలేదు. అతని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బస్సు కొండెక్కుతోంది.

“సాయంత్రం పాపని మా ఇంటికి తీసుకురారా” అన్నాను. “ఇద్దరం కలిసి చూద్దాం, నవ్వొస్తుందో రాదో.”