శీనమ్మ కట్టేసిన మేక

తిరగడం నాకు జబ్బు. ఆత్మకూరులో నాలుగు నెలలు కుదురుగా కూర్చుంటే కాళ్ళు పీకుతాయి. డెబ్బై దాటినా తగ్గలేదు. చూసిన ఊళ్ళ గురించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను. ఒక్క ఊరి గురించి మాత్రం ఇంట్లో కూడా నోరు విప్పలేదు. మధ్యధరా సముద్రంలో ఒక ద్వీపం, దాని ఒడ్డున చిన్న ఊరు. పేరు రాయను. తప్పు ఆ ఊరిది కాదు.

అసలు ఇది ఆ ఊరి కథ కూడా కాదు, శీనమ్మ కథ.

శీనమ్మది దుత్తలూరుకీ ఉదయగిరికీ నడుమ ఒక పల్లె. గొర్రెలు కాచుకునే ఇంట పుట్టింది, గొర్రెలు కాచే తిరుపాలును చేసుకుంది. ఎండలు ముదిరితే మందను తోలుకుని చేజర్ల వైపు పెన్న దాకా పోవడం, కోతలైన మళ్ళలో ఎరువు కోసం మంద నిలపడం, వానలు పడ్డాక మళ్ళీ మెట్టకు రావడం. ముప్పై ఏళ్ళు అలా నడిచింది. పుస్తకాల్లో నేను చదివిన సంచారులు జ్ఞానం కోసమో పేరు కోసమో తిరిగారు. ఈమె గడ్డి కోసం తిరిగింది. వాళ్ళకంటే ఈమెకే దారి బాగా తెలుసని నా నమ్మకం. ఒక ఏడు రోగం తగిలి మంద మొత్తం పోయింది. తిరుపాలు ఇంకొకరి మందకు కాపలా కుదిరాడు. మళ్ళీ సొంత మంద నిలబెట్టాలని శీనమ్మ విమానమెక్కి, ఆ ద్వీపంలో ఒక ముసలామెను చూసుకునే పనికి చేరింది.

నేను వెళ్ళింది అక్టోబరులో. జనం పలచబడ్డారు. ఆ సముద్రం మన మైపాడు సముద్రంలా అరవదు. సోమశిల డ్యాము నీళ్ళలా గమ్మున ఉంటుంది. ఒడ్డున బెంచీ మీద కూర్చుని ఇంటికి ఫోను చేస్తున్నాను. "మాత్రలు అలమరలోనే ఉండాయి, చూడు" అంటుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏ ఊరయ్యా మీది?"

తిరిగి చూశాను. యాభై దాటిన మనిషి, చుడీదారు మీద స్వెట్టరు. చక్రాల కుర్చీలో ఒక ముసలామెను తోసుకొస్తోంది.

"ఆత్మకూరు."

"అబ్బ! మాది దుత్తలూరు కాడ. 'ఉండాయి' అంటిరే, ఆ మాట చెవిన బడంగానే కాళ్ళు నిలబడిపోయినాయి. ఏడాదిన్నరైంది అయ్యా, మనిషి ఎదురుగా నిలబడి మన మాట మాట్లాడంగా ఇని."

"అయ్యా ఏందమ్మా, అన్నా అను" అన్నాను. పరాయి దేశంలో పెద్దరికం వదులుకోవడం సులువు. చూసేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఆ రోజు నుంచి సాయంత్రమైతే కుర్చీ తోసుకుంటూ వచ్చేది. ముసలామెను అవ్వా అనేది. ఆమెకు ఇవాళ్టి సంగతి రేపు గుర్తుండదు గానీ శీనమ్మ చెయ్యి మాత్రం వదలదు. "స్టీలు స్పూను చిగుళ్ళకి తగిలితే అవ్వ తినదన్నా. మా ఉదయగిరి చెక్క స్పూను తెచ్చినా. దాంతో పెడితే గిన్నె ఖాళీ" అని మురిసిపోయేది. సముద్రం వైపు చెయ్యి చూపి, "ఇన్ని నీళ్ళుండి ఏం లాభం? ఒక గొర్రె గూడా మూతి పెట్టదు" అనేది. ముసలామె కొడుకు పట్నంలో ఉంటాడు. శీనమ్మ వీసా కాగితాలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. ఆయనకు కోపం వస్తే ఆమెకు తిరుగు విమానమే. ఆ మాట ఆమే చెప్పింది, నవ్వుతూ.

ఒక సాయంత్రం విసురుగా వచ్చింది. "చూడన్నా, ఎవురి మేకో తోటలో పడి అవ్వ చిక్కుడు పాదులన్నీ మేసింది. పట్టి కట్టేసినా. దాని వాళ్ళు రానీ, నాలుగు దులుపుతా."

మా మెట్ట పల్లెల్లో అది మర్యాద. చేలో పడ్డ మేకను పట్టుకున్నవాళ్ళు తమ వాకిట్లోనే కట్టేస్తారు. ఆకు వేస్తారు, నీళ్ళు పెడతారు. దాని వాళ్ళు వెతుక్కుంటూ వచ్చి నాలుగు తిట్లు తిని విప్పుకుపోతారు. దారినపోయేవాళ్ళ కళ్ళబడేట్టు కట్టడమే అందులో నిజాయితీ. దొడ్లో కడితే దొంగతనం, వాకిట్లో కడితే న్యాయం. శీనమ్మ వాకిట్లోనే కట్టింది. కానీ ఆ ఊళ్ళో ఇళ్ళ వాకిళ్ళు దారిలోకి ఉండవు. నిలువెత్తు గోడ, పెద్ద తలుపు, వాకిలి లోపల. దారినపోయేవాడికి మేక కాదు కదా, దాని కొమ్ము కూడా కనబడదు.

ఇదంతా నాకు అప్పుడే తట్టింది. విప్పేయమ్మా, ఇక్కడ అలా కట్టరు అని ఒక్క మాట అనలేదు. నవ్వాను. ఎక్కడైనా చెప్పుకోవడానికి భలే సంగతి దొరికిందనుకున్నాను.

మూడో రోజు పొద్దున కాఫీ అంగట్లో ఉన్నాను. ఊరి పెద్దమనుషులు ఇద్దరితో రోజూ అక్కడే కూర్చునేవాణ్ణి. చరిత్ర, గ్రంథాలు, పాత ఓడలు మా కబుర్లు. వాళ్ళు నన్ను ప్రొఫెసర్ అనేవాళ్ళు. నేను ప్రొఫెసర్‌ని కాను. కానని చెప్పలేదు. శీనమ్మ పనిచేసే అవ్వ ఇల్లు అంగడికి ఎదురుగానే. తలుపు తెరుచుకుంది. మేకను పట్టుకుని దాని యజమాని, వెనక పోలీసు, ఆ వెనక శీనమ్మ.

"పని మనుషులు ఇంతే" అన్నాడు నా పక్కాయన. "మేకను కూడా వదలరు."

పోలీసు కుర్రవాడు మర్యాదస్తుడే. ఈమె చెప్పేది ఎవరికీ అర్థం కావడం లేదు, ముసలామెకు ఏమీ గుర్తులేదు. అతను రోడ్డు దాటి నా దగ్గరకొచ్చి ఇంగ్లీషులో అడిగాడు. "మీరు ఇండియా మనిషి కదా, ఈమె భాష మీకు వచ్చా?"

అవతలి నుంచి శీనమ్మ కేక పెట్టింది. "అన్నా! చెప్పన్నా! కట్టేసినానని చెప్పు, దొంగతనం కాదని చెప్పు!"

పక్కనున్న ఇద్దరూ నా మొహం చూస్తున్నారు. పని మనిషికి అన్ననా? ప్రొఫెసర్ గారు ఆమె ఊరివాడా? పోలీసు గొడవలో నా వీసా ఏమవుతుందో? ఇవన్నీ ఒక్క క్షణంలో వచ్చిపోయాయి. వాటిలో దేన్నీ సాకుగా రాయడం లేదు.

"ఇండియాలో చాలా భాషలు" అన్నాను. "ఆమెది నాకు రాదు."

శీనమ్మకు ఇంగ్లీషు రాదు. నా తల అడ్డంగా ఊగడం కనిపించింది. అంతే, కేక ఆగిపోయింది. మళ్ళీ నన్ను పిలవలేదు. నేను సముద్రం చూస్తూ కాఫీ తాగాను. రెండు రోజుల తర్వాత ఆ ఊరు వదిలి వచ్చేశాను. వారంలో అవ్వ కొడుకు ఆమెను పంపించేశాడని తర్వాత తెలిసింది.

ఆత్మకూరు నుంచి దుత్తలూరుకు బస్సులో గంటన్నర. సముద్రాలు దాటినవాణ్ణి, ఆ బస్సెక్కడానికి పదమూడు నెలలు తీసుకున్నాను. సెంటర్లో వెంగయ్య అనే ఆయన టీ కొట్టు దగ్గర దిగి, శీనమ్మ ఇల్లెక్కడని అడిగాను.

"ఏ శీనమ్మ? మేక శీనమ్మా?" అన్నాడు వెంగయ్య. బల్ల మీదున్నవాళ్ళు నవ్వారు. "ఏంది సామీ, మీ మేక గూడా పోయినాదా?"

ఆ నవ్వులో నేను కలవలేదు. వాళ్ళను ఆపనూ లేదు.

పల్లెలో పాక ముందు మంచం మీద తిరుపాలు కూర్చుని తాడు పేనుతున్నాడు. శీనమ్మ నన్ను చూసింది. "కూర్చో అన్నా" అంది. ఆ పిలుపు మార్చలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. నిలబడే మొత్తం చెప్పేశాను, ప్రొఫెసర్ సంగతితో సహా.

"ఈడ చెప్తే ఏమొస్తాదయ్యా?" అన్నాడు తిరుపాలు, తాడు మీంచి కళ్ళెత్తకుండా. "ఆడ గదా చెప్పాల్సింది."

"ఊళ్ళోవాళ్ళు ఏమన్నా అనుకోనీ అన్నా, వాళ్ళ నోళ్ళు నాకు తెలుసు" అంది శీనమ్మ. "అవ్వకి మరుపు. కొడుకు ఏం చెప్తే అదే నమ్మతాది. నా చేత్తో తిన్న మనిషి నన్ను దొంగ అనుకోని పోగూడదు. నీకు వాళ్ళ మాట వచ్చు గదా, రాయి."

ఆమె చెప్పింది, నేను ఇంగ్లీషులో రాశాను, ఆ ద్వీపంలో అది అందరికీ వచ్చు. అవ్వా, నేను శీనమ్మను. మేక నీ చిక్కుడు మేసింది. మా పద్ధతిలో వాకిట్లో కట్టినాను, దాచలేదు. రోజూ నీళ్ళు పెట్టినాను. నా మాట తెలిసిన మనిషి ఆడే కూర్చొని, తెలీదని చెప్పినాడు. చెక్క స్పూను అరిగిపోతే ఇంకోటి పంపుతాను.

జలదంకి నుంచి వచ్చిన కోడలు సుజన డిగ్రీ చదివింది. శీనమ్మ కాగితం ఆమెకిచ్చింది. "చదివి చూడమ్మే, అంతా ఎక్కిందా?"

సుజన వేలు పెట్టి వరస వరస చదివింది. ఒకచోట వేలు ఆగింది. "అత్తా, నువ్వు తెలీదని చెప్పినాడు అన్నావు. దీంట్లో 'మా జిల్లా మనిషి ఒకరు అక్కడ ఉన్నారు' అని ఉండాది. అంతే."

కావాలని చేశానా? చెప్పలేను. చెయ్యి దానంతట అదే ఆ మాటను దాటేసింది.

శీనమ్మ తిట్టలేదు. నా వైపు చూసి, "మళ్ళీనా అన్నా?" అంది.

ఇంకో కాగితం తీసుకుని ఆమె చెప్పింది చెప్పినట్టు మళ్ళీ రాశాను. దాని కింద నా మాటగా, ఆమె భాష నాకు వచ్చు, రాదని అబద్ధం చెప్పాను అని రాసి, నా పేరు, ఊరు, ఆ రోజు ఏ కుర్చీలో కూర్చున్నానో కూడా రాశాను. సుజన మళ్ళీ చదివి తల ఊపింది. శీనమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ సంతకం చేసింది.

దుత్తలూరు పోస్టాఫీసులో ఇస్తానని కవరు అందుకోబోయాను. శీనమ్మ దాన్ని నాకివ్వకుండా కోడలి చేతిలో పెట్టింది.

"నువ్వు గూడా పోమ్మే. కవరు వాళ్ళు తీసుకున్నిందాకా ఆడే నిలబడి చూసి రా."

సుజన చెప్పులేసుకుంది. నేను ముందు నడిచాను.