సూది మొన కింద పలుకు

"ఒక్క పలుకు కోసం మూడేళ్లేమిటే, వంటింట్లో ఉప్పు లేదా?" అని అక్క ఒకసారి అడిగేసింది. చెల్లెలు వెతుకుతున్నది బాక్టీరియా మీద దాడి చేసే ఒక వైరస్ ఎంజైము స్ఫటికం. బాక్టీరియా కత్తిరించెయ్యకుండా వైరస్ డీఎన్ఏకు చక్కెర అణువులు తగిలించేది ఆ ఎంజైమే. దాని రూపం తెలియాలంటే స్ఫటికాన్ని ఎక్స్‌రేలో చూడాలి. రోజూ చల్లటి గదిలో ఒంటరిగా కూర్చుని, ఎంజైమూ ఉప్పునీళ్లూ కలిపి స్ఫటికాల కోసం పెట్టిన తొంభై ఆరు చుక్కలనూ మైక్రోస్కోపు కింద "ఏమర్రా, లేచారా?" అని పలకరిస్తుంది. సాయంత్రందాకా ఆమె మాట్లాడేది అదొక్కటే. మొన్న ఒక చుక్కలో పలుకు తళుక్కుమంది. ఆగలేక, అక్క దగ్గర చేబదులు తీసుకుని ఎక్స్‌రే కేంద్రమున్న ఊరికి టికెట్టు కొనేసింది. ముందు చెయ్యాల్సిన పని ఆ తర్వాత చేసింది: సూదితో నొక్కింది. ఎంజైమైతే మెత్తగా నలగాలి, ఇది టక్కున విరిగింది.

"ఉప్పే అక్కా," అంది ఫోనులో.

"కిలో ఎంతకిస్తావే?"

ఇద్దరూ నవ్వారు. అక్క పెట్టేశాక కూడా ఫోను చెల్లెలి చెవి దగ్గరే ఉంది. టికెట్టు డబ్బు నాలుగు వేలు అక్కకు ఇంకా ఇవ్వాలి.