ఎస్తేరు టీచరమ్మ ఇంట్లో కారు లిఫ్టు

మొన్న పటాన్‌చెరులో కారు సర్వీసింగుకు ఇచ్చి షెడ్డు బయట కూర్చున్నాను. లోపల ఎవరో డ్రిల్లు మిషనుతో నేలకు రంధ్రాలు వేస్తున్నారు. సిమెంటు పొడి, వేడెక్కిన ఇనుము కలిసిన వాసన ముక్కుకు తగలగానే గుండెలో చిన్న మంట లేచింది. అది అసూయేనని గుర్తుపట్టడానికి నాకు ఎంతోసేపు పట్టలేదు. ఇన్నేళ్ల తరువాత కూడా ఆ వాసన వస్తే నాకు ఎస్తేరు టీచరమ్మే గుర్తొస్తుంది.

ఇంద్రేశంలో కొత్తగా ప్లాట్లు పడుతున్న రోజుల్లో మేము అక్కడ చిన్న ఇల్లు కట్టుకున్నాం. మా ఆయన యాదగిరి పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ఫిట్టరు. నేను మరో కంపెనీ ఆఫీసులో టైపిస్టును. పక్కింట్లో ఎస్తేరు టీచరమ్మ ఒక్కతే ఉండేది. బడిలో సైన్సు చెప్పేది. భర్త పోయాక ఆయన నీలం రంగు ఫియట్‌ను అమ్మేస్తుందని అందరం అనుకున్నాం. ఆమె అమ్మలేదు సరికదా, దాని మరమ్మతులన్నీ తానే నేర్చుకుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లచీర విప్పి, పాత చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని ఇంటి పక్క రేకుల షెడ్డులో కారు కిందికి దూరేది. నేను వంటింటి కిటికీలోంచి చూస్తుండేదాన్ని. నా సొంత వంటింట్లో అలమర ఎంత ఎత్తున ఉండాలో కూడా మేస్త్రీ, మా ఆయన కలిసి తేల్చారు. నన్నెవరూ అడగలేదు. ఆమె మీద నా కడుపుమంట ఆ కిటికీ దగ్గరే మొదలైంది.

కొన్నాళ్లకు ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. నేల మీద పడుకుని లేవకూడదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. ఆ మాట విని ఆమె మరిది వచ్చాడు.

"వదినె, కారు అమ్మెయ్యి. ఈ రేకుల షెడ్డుకు నాలుగు దిక్కుల గోడలు లేపితే కంపెనీ పోరగాళ్లకు కిరాయికియ్యొచ్చు. ఈ వయసుల నీకెందుకీ పరేషాన్?"

"నా మోకాళ్లు వంగకుంటే కారునే పైకి లేపుకుంట" అంది ఆమె.

ఆ మాటకు అక్కడే ఉన్న మా ఆయన పడీపడీ నవ్వాడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా "ఏం మాట అన్నది!" అని మళ్లీ మళ్లీ తలుచుకున్నాడు. నేను వడ్డించిన పప్పు చల్లారిపోయింది. నా మాట ఒక్కటైనా ఆయన అలా తలుచుకోగా నేను చూడలేదు.

కారును పైకి లేపే లిఫ్టు చూడటానికి ఆమె బాలానగర్ వెళ్తూ మా ఆయన్ని తోడు రమ్మంది. పిలవకపోయినా నేనూ బయలుదేరాను. దుకాణంలో కుర్రవాడు మా ఆయన వైపు తిరిగి, "సార్, మీకైతే కత్తెర లాగా లేచే ఈ మోడల్ బాగుంటది" అన్నాడు.

"సార్ మా పక్కింటాయన. కారు నాది, మోకాళ్లు నావి. నాకు చెప్పు" అంది టీచరమ్మ.

ఆమె వంగి చూసి, కత్తెర లిఫ్టు కారు నడుమ భాగాన్ని మూసేస్తుందని, తనకు పని అంతా అక్కడే ఉంటుందని తోసిపుచ్చింది. నాలుగు స్తంభాల దాని మీద కారు చక్రాల మీదే నిలబడుతుంది కాబట్టి చక్రాలు విప్పడం కష్టమంది. చివరికి రెండు స్తంభాల లిఫ్టు దగ్గర ఆగింది. నేల ఎంత మందం ఉండాలి, కప్పు ఎంత ఎత్తు ఉండాలి, ఇంటి కరెంటుతో నడుస్తుందా అని ఒక్కొక్కటే అడిగింది. జవాబు తెలియక వాడు లోపలికి పోయి యజమానిని పిలుచుకొచ్చాడు. నేను అప్పటిదాకా ఏ దుకాణంలోనూ "ఇంకో రంగు ఉందా?" తప్ప వేరే ప్రశ్న వేసి ఎరగను.

బిగించేవాళ్లు వచ్చి ముందుగా నేలలో ఒక రంధ్రం వేసి చూశారు. పైన పలచటి సిమెంటు, కింద అంతా నల్లమట్టి. ఆ నేల లిఫ్టును మోయదన్నారు. వాళ్లకు చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లిన నాకు లోలోపల ఎంత హాయిగా అనిపించిందో! ఆ హాయి మరునాటి దాకా కూడా నిలవలేదు. ఆమె నేలంతా తవ్వించి, ఇనుప చువ్వలు కట్టించి, మందంగా కాంక్రీటు పోయించింది. రేకులు పైకి లేపించింది. సాయంత్రం బడి నుంచి రాగానే ఆ నేలకు నీళ్లు పట్టేది. "పైన గట్టిపడ్డది గదమ్మా, బిగించేస్తం" అని మేస్త్రీ తొందరపడితే, "పైన గట్టిపడితే సాలదు. లోపల గూడ గట్టిపడనియ్యి" అని వెనక్కి పంపింది.

లిఫ్టు బిగించిన రోజు మా వీధి వీధంతా వచ్చింది. మోటారు మోగింది. నీలం కారు నేలను వదిలి మెల్లగా పైకి లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు, అందరికన్నా గట్టిగా మా ఆయన. నా చేతులు లేవలేదు. ఆ యంత్రాన్నే చూస్తున్నాను. కారు జారి పడకుండా ఆపే కొక్కెం ఒకటి ప్రతి స్తంభంలోనూ ఉంటుందని, కారు లేచేకొద్దీ అది మెట్టు మెట్టుకూ టక్కుమని పడుతుందని దుకాణంలో విన్నాను. పైకి లేస్తుంటే ఎడమ స్తంభంలో టక్కు టక్కుమని వినిపిస్తోంది. కుడి స్తంభంలో ఏ చప్పుడూ లేదు. అప్పటికే టీచరమ్మ కారు కిందికి అడుగు వేయబోతోంది.

"టీచరమ్మా, ఆగుండ్రి! ఈ పక్క చప్పుడు వస్తలేదు!" అని అరిచాను.

మోటారు ఆపి, కారు దించి, స్తంభం మూత విప్పారు. కొక్కెం స్ప్రింగు ఇరుక్కుపోయి ఉంది. మరిది "చెప్పిన గద, ప్రాణం మీదికొస్తదని" అంటూనే ఉన్నాడు. ఆమె అతని వైపు చూడలేదు. నా దగ్గరికి వచ్చింది.

"సువర్ణా, గింతమందిల నీ ఒక్కదానికే ఎట్ల తెలిసింది?"

నేను తలదించుకున్నాను. ఆమె నవ్వింది.

"మెచ్చుకునేటోళ్లు చప్పట్లు కొట్టి ఇంటికి పోతరు. కుళ్లుకునేటోళ్లు ఆఖరిదాంక సూస్తరు. ఆదివారం రా, ఆయిలు మార్చుడు నేర్పిస్త."

ఆమెకు మొదటి నుంచీ తెలుసన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ ఆదివారం వెళ్లాను. అలా ఆమె పక్కన కారు కింద నిలబడి బ్రేకులు, గేరుబాక్సు, సైలెన్సరు అన్నీ తెలుసుకున్నాను. తరువాత ఆ ఫియట్ మీదే డ్రైవింగు కూడా నేర్చుకున్నాను. ఇంట్లో మా ఆయన నన్ను అడిగి పనులు చేయడం మొదలుపెట్టాడు. అసూయ మాత్రం తగ్గలేదు. ఆమె మరో పిల్లను స్పానరు పట్టమని పిలిస్తే ఆ పిల్ల మీద కుళ్లుకునేదాన్ని.

టీచరమ్మ పోయినప్పుడు చర్చిలో ఆమె జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టారు. ఒక్కొక్క ఆడమనిషే లేచి నిలబడింది. బోరు మోటారు విప్పడం ఆమే నేర్పిందని ఒకరు, మామకు ఎదురు మాట్లాడే ధైర్యం ఆమే ఇచ్చిందని ఒకరు, చదువు మానేస్తే ఇంటికొచ్చి బడికి లాక్కుపోయిందని ఇంకొకరు. ఆమె నన్ను ఒక్కదాన్నే చేరదీసిందని అన్నాళ్లూ నేను నమ్ముకున్నాను. వాళ్లలో సగంమంది పేర్లు కూడా నాకు తెలియవు. పాస్టరుగారు నా వైపు చూసి "మీరేమైన మాట్లాడుతరా అమ్మా?" అని అడిగారు. తల అడ్డంగా ఊపాను. ఆమెను వాళ్లందరితో పంచుకోవడానికి నాకు మనసు రాలేదు.

ఇప్పటికీ రాలేదు. ఆమె గురించి ఇంత వివరంగా రాస్తున్నది, ఆమె వాళ్లందరికన్నా నాకు కొంచెం ఎక్కువ దక్కాలనే.