సుందరి చేతులు

విల్లియనూరులో బస్సు దిగి, ఆదికేశవులు ఎవరినీ దారి అడగకుండా రాసాత్తి ఇంటికి నడిచాడు. ఇరవై ఏళ్ల కిందట ఆమె తల్లి బొమ్మను నూనె రంగులతో వేసి, తానే తెచ్చి ఆ ఇంటి గోడకు తగిలించాడు.

పుదుచ్చేరిలో మార్కెట్టు వెనక, మేడ మీద గదిలో అతని పని. పోయినవాళ్ల ఫొటోలు తెస్తారు. రేషన్ కార్డు మీదిదో, పెళ్లి గుంపులోంచి కత్తిరించిందో. అందులో ముఖం ఒక్కటే ఉంటుంది. ఇంటివాళ్లకు నిండు మనిషి కావాలి, కుర్చీలో, చేతులు ఒళ్లో పెట్టుకుని. ఆడవాళ్ల బొమ్మయితే ఆ చేతుల కోసం భార్య సుందరిని ఎదురుగా కూర్చోబెట్టేవాడు.

"ఈసారి ఎవురికి ఇచ్చేస్తా ఉండావు నా చేతులు?" అనేది. కూర్చునే నిద్రపోయేది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకానికి అమ్మ బొమ్మ కావాలంది కూతురు అనూహ్య. ముఖం వచ్చింది. చేతుల దగ్గర బ్రష్షు ఆగిపోయింది. చేతులు కనిపించే ఫొటో ఇంట్లో లేదు. కళ్లు మూసుకున్నా గాజులు కనిపిస్తున్నాయి గాని వేళ్లు కనిపించడం లేదు.

రాసాత్తి ఇంటి గోడ మీద, అప్పట్లో సుందరిని కూర్చోబెట్టి వేసిన ఆ చేతుల్లో చిటికెన వేలు కాస్త వంకరగా ఉంది.

"మా అమ్మ వేలే అన్నా. కొడవలి తగిలి అట్లా అయింది. నువ్వు ఆమెను చూడనే లేదు. చుట్టాలంతా ఆ వేలు చూసే ఏడ్సినారు."

"వంకరని మీరు చెప్పినారా?"

"మా ఆయన చెప్పుంటాడు. చెప్పలేదో ఏమో. ఆయనా లేడు ఇప్పుడు. ఏందన్నా, రంగు చెడిపోయిందా?"

"ఈ చేతులు చూసి గీసుకుంటా. ఒక బొమ్మకు కావాల."

"ఎవురి బొమ్మకు?"

"మా ఇంటామెకు."

రాసాత్తి అతన్ని పైనుంచి కింది దాకా చూసింది.

"బాగుండాది. కట్టుకున్నదాని చేతులు చూసేదానికి మా ఇంటికొచ్చినావా?" అంది. తర్వాత కుర్చీ లాగి బొమ్మ ముందు వేసింది. "గీసుకో. మా అమ్మ ఏమీ అనుకోదులే."

అతను గీసుకున్నాడు. ఆ వేలు తప్ప.

ఇంటికి వచ్చి అనూహ్యను అడిగాడు. "మీ అమ్మ చిటికెన వేలు వంకరగా ఉండేదా?"

"ఉండేది నాన్నా." కాసేపు తన చేతినే తిప్పి చూసుకుంది. "ఉండేదా? నువ్వు కదా రోజూ చూస్తా ఉండింది."

ఒకసారి వంకరగా వేశాడు. ఎవరో పరాయి మనిషి కూర్చున్నట్టు అనిపించింది. తిన్నగా వేశాడు. అప్పుడూ అట్లాగే అనిపించింది. గుడ్డతో తుడిచేశాడు.

సంవత్సరీకం దగ్గరపడింది. చీర కొంగును ఒళ్లోకి దించి, ఆ వేలు ఉండాల్సిన చోటు కప్పాడు.

కొంగు బాగా కుదిరిందని అందరూ అన్నారు.