మేడమ్ ఎప్పుడొస్తారండి?

మాది రేపల్లె. నా భార్య సుజాత వడ్లమూడిలో లెక్చరర్‌గా పనిచేస్తూ రోజూ తన కారులోనే వెళ్లివచ్చేది. నిరుడు గుండెపోటుతో తను పోయింది. మాకు పిల్లలు లేరు. నాకు డ్రైవింగ్ రాదు కాబట్టి కారు వాకిట్లో అలాగే ఉండిపోయింది.

ఒక ఉదయం మా జాయింట్ అకౌంట్ నుంచి ఆ కారు ఇన్సూరెన్సుకు డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది. ఎవరూ నడపని కారుకు ఇన్సూరెన్స్ ఎందుకని తెనాలిలోని ఆఫీసుకు వెళ్లాను.

కౌంటర్‌లో ఉన్న నడివయసు ఆవిడ కంప్యూటర్ చూసింది. "మేడమ్ ఆటో రెన్యువల్ పెట్టుకున్నారండి. దారిలో కారు ఆగిపోతే సాయానికొచ్చే సర్వీసు కూడా ఉంది, అందుకే ఎక్కువ కట్ అయింది. ఆపాలంటే మేడమ్ సంతకం కావాలండి" అంది.

"తను ఊళ్లో లేదండి." ఎందుకలా అన్నానో నాకే తెలియదు.

"పర్లేదండి. ఎప్పుడొస్తారు?"

వెనక నిలబడినవాళ్లు విసుక్కుంటున్నారు.

"రాదండి. చనిపోయింది" అన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. అందరూ నావైపు తిరిగారు. సిగ్గుతో తల దించుకున్నాను.

ఆవిడ లేచి వచ్చి, కుర్చీ వేసింది. "కూర్చోండి అన్నయ్యా" అంటూ మంచినీళ్లిచ్చింది. మరణ ధ్రువపత్రం ఇస్తే చాలని చెప్పింది. కొన్నాళ్లకు డబ్బు వెనక్కి వచ్చింది.

సుజాత పోయినప్పుడు అందరికీ ఫోన్లు చేసింది మా బావమరిది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా తెలిసే వచ్చారు. తను లేదన్న మాట మొదటిసారి నా నోటితో నేను చెప్పుకున్నది, పేరైనా తెలియని ఆవిడకే.