పోస్టుకార్డు మీద దీవెన

నాచారంలో రాహేలు టీచరు బడిపిల్లల చేత మతం మార్చే ఉత్తరాలు రాయిస్తున్నదట! ఈ మాట పుట్టించిన నోట్లో మన్ను పడ. పాల ప్యాకెట్ల దుకాణం దగ్గర పొద్దున పుట్టింది, పదింటికల్లా ఉప్పల్ మార్కెట్ దాకా పోయింది, మధ్యాహ్నానికి కొమ్ములు మొలిపించుకుని తిరిగొచ్చింది. పోయేటప్పుడు ఒక్క ఉత్తరం. వచ్చేసరికి నలభై.

లక్ష్మీనర్సమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆమె చదివింది ఐదో తరగతే అయినా, గల్లీలో ఎవరింట్లో ఏ కూర ఉడుకుతున్నదో మూత తీయకుండా చెప్పగలదు. అంతటి మనిషికి తెలియకుండా ఇంత కథ నడిచిందంటే నమ్మడం ఎట్లా? పైగా మనవరాలు హిమజ ఆ టీచరు దగ్గరే ఆరో తరగతి చదువుతున్నది.

రాహేలుది జనగామ పక్క పల్లె. తండ్రి జ్ఞానయ్య బండలు కొట్టి ఆమెను హాస్టల్లో చదివించాడు. పెళ్లయి నాచారం వచ్చాక పద్నాలుగేళ్లుగా ఒకే ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నది. చుట్టుపక్కల గల్లీల్లో ఎవరు ఏ దరఖాస్తు రాయాలన్నా ఆమె గడప తొక్కాల్సిందే. లక్ష్మీనర్సమ్మ పింఛను కాగితం కూడా ఆమె చేతిరాతే. రాసిపెట్టేటప్పుడు ఏనాడైనా "మీది ఏ దేవుడు?" అని అడిగిందా? అటువంటి మనిషి మీదనా ఈ నింద!

అసలు సంగతి క్రికెట్ దగ్గర మొదలైంది. చర్చి గల్లీ పిల్లలకూ పోచమ్మ గుడి గల్లీ పిల్లలకూ తగువైంది. చర్చి గల్లీ బ్లెస్సన్ విసిరిన రాయి తగిలి, గుడి గల్లీ రంజిత్ నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. ఆపాల్సిన పెద్దలే చొక్కా చేతులు పైకి మడిచి ఎగబడ్డారు. నల్లా దగ్గర ఆడవాళ్లు ఒకరి బిందె పక్కన ఒకరు బిందె పెట్టడం మానేశారు. అప్పుడు రాహేలు రెండు గల్లీల పిల్లలూ ఉన్న తన క్లాసులో తలా ఒక పోస్టుకార్డు పంచింది. ఎవరితో కొట్లాడారో వాళ్లకు రాయాలి. ఎదుటివాడు చేసింది కాదు, తాను చేసింది రాయాలి. చివర ఒక ప్రశ్న అడగాలి. ప్రశ్న లేని ఉత్తరానికి ఎవరూ జవాబివ్వరని ఆమె లెక్క.

పోస్టుకార్డంటే తలుపు లేని ఇల్లు. బ్లెస్సన్ కార్డు రంజిత్ ఇంటికి చేరేలోపే కింది వాటా వాళ్లూ, వాచ్‌మెనూ, ఇస్త్రీ అతనూ చదివేశారు. రంజిత్ తండ్రి పోశయ్య ఫ్యాక్టరీ నుంచి రాగానే నలుగురూ కార్డు చేతిలో పెట్టి మొదటి వరుస చూపించారు: "దేవుని కృప రంజిత్‌కును వాని ఇంటివారికిని మెండుగా కలుగును గాక." ఇంకేముంది, పోశయ్య తిన్నగా బడి కరస్పాండెంటు త్రిమూర్తులు ఇంటికే పోయాడు. శనివారం పంచాయతీ. టీచరు కొలువు ఉంటుందో ఊడుతుందో ఆ రోజు తేలుతుంది.

లక్ష్మీనర్సమ్మ ఊరుకుంటుందా? హిమజ బ్యాగు విప్పి రఫ్ నోటు తీసింది. మనవరాలు చర్చి గల్లీ ఫెబాకు రాసిన ఉత్తరం చిత్తుప్రతి అందులో ఉంది. వేలు పెట్టి చదివింది: "చిరంజీవి సౌభాగ్యవతి ఫెబాకు. నీ టిఫిన్ డబ్బా దాచింది నేనే. సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి నాతో మాట్లాడగలవని ప్రార్థన. వస్తవా?"

"ఓసినీ! గిది పెండ్లి పత్రిక గదనే!"

"మరి మనింటికి గవే గద నానమ్మా వచ్చేది," అంది హిమజ. "ఇంక వేరే ఉత్తరం నేనేడ జూసిన? బ్లెస్సన్‌గాడు గూడ చర్చిల సదివే ఉత్తరాల లెక్కనే రాసిండు. వానికి గవే ఎరుక."

లక్ష్మీనర్సమ్మకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. ఉత్తరం మొహమెరుగని పిల్లలు తమకు తెలిసిన మర్యాదంతా కూడగట్టుకుని రాస్తే, దానికా ఇంత రాద్ధాంతం!

శనివారం ఎవరూ పిలవకపోయినా, త్రిమూర్తులు, పోశయ్య, రాహేలు ఉన్న బడి ఆఫీసు గదిలోకి పోయి కుర్చీ లాక్కుని కూర్చుంది. రఫ్ నోటు బల్ల మీద పరిచి పోశయ్య వైపు తిరిగింది.

"ఏం పోశయ్యా, మా పిల్ల ఫెబాకు పెండ్లి జేస్తుందంటవా? మొదటి వరుస సదివి ఉరికొస్తివి. కిందిది సదివినవా?"

పోశయ్య జేబులోంచి కార్డు తీశాడు. "రాయి వేసినది నేనే. నీ కుట్లు విప్పినారా? ఇంకా నొప్పి ఉన్నదా?" చదివి, కార్డును అటూ ఇటూ తిప్పాడు.

"గిది నాకెవ్వడు జెప్పలే," అని గొణిగాడు. "కుట్లు ఎప్పుడో ఇప్పిన్రు. నా దిక్కెల్లి ఏం లేదు సార్, ఇడిసిపెట్టున్రి."

అక్కడితో అయిపోవాలి కదా? త్రిమూర్తులు కాలేదన్నాడు. "ఆయన వదిలేసినా నేను వదలలేనండీ. బడి పేరు పాడైంది. టీచరుగారు క్షమాపణ రాసివ్వాలి. ఉత్తరాలు రాయించడం తప్పే, ఇకమీదట రాయించనని. నోటీసు బోర్డులో పెడతాను. అందరూ చల్లబడతారు."

"ఎవరు చల్లబడాలె సారూ? మండిపిచ్చినోళ్లను ఇడిసి, నీళ్లు వోసినామెను పట్టుకుంటివి!" అని లక్ష్మీనర్సమ్మ లేచింది. ఆయన వినిపించుకోలేదు. తెల్లకాగితం రాహేలు ముందుకు జరిపాడు.

రాహేలు ఆ కాగితాన్ని ఒక్క వేలితో వెనక్కి నెట్టింది.

"అయితే సోమవారం నుంచి రానక్కర్లేదు," అన్నాడు త్రిమూర్తులు.

ఆమె టిఫిన్ సంచి తీసుకుని బయటికి నడిచింది. పద్నాలుగేళ్ల కొలువు పద్నాలుగు నిమిషాల్లో పాయె! లక్ష్మీనర్సమ్మ మోకాళ్ల నొప్పి మరచి వెంటపడి, బస్టాపు దగ్గర చెయ్యి పట్టి ఆపింది. ఇప్పుడు కోపం టీచరు మీదకు మళ్లింది.

"రెండు ముక్కలు గీకి ఆయన మొకాన కొడితే ఏం పోయేదే? అందరి కాగితాలు రాస్తివి. నీ కొలువు నిలవెట్టుకునే కాగితం ఎందుకు రాయవ్, చెప్పు!"

రాహేలు సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"బోర్డు మీద పెడ్తడట గదమ్మా. బ్లెస్సన్ సదువుతడు. రాయి ఇసిరిన నాడు మా గల్లీల వాన్ని భుజం తట్టిన్రు. నేనే ఇసిరిన అని రాసిన నాడు ఊరంత తిట్టిన్రు. ఇగ రాపిచ్చిన టీచరు గూడ అది తప్పే అని సంతకం వెడితే, వాడు జన్మల మళ్ల పెన్ను వట్టడు."